బండి చల్లారే దాకా

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేసి, మంచిర్యాల రోడ్డు మీద పాత కార్లు అమ్మేచోట ఒక డీజిలు కారు నచ్చిందనీ, ఇంజను మీద మాత్రం కాస్త అనుమానంగా ఉందనీ, నేనొచ్చి చూసి సరేనంటే కొంటాననీ అన్నాడు. వాడి తండ్రి, అంటే మా అక్క భర్త, ఒకప్పుడు గోదావరిఖని చౌరస్తా టాక్సీ అడ్డాలో పేరున్న డ్రైవరు. ఇంట్లో ఆయన్ను పెట్టుకుని నన్నెందుకు పిలుస్తున్నావని అడగబోయి ఆగిపోయాను గానీ, వాడే నవ్వుతూ చెప్పేశాడు. "బాపుకేం దెల్సు మామా, సొంత బండినే ఖరాబు జేసుకున్నడాయె." ఆ మాట మా ఇళ్ళలో ఎన్నో ఏళ్ళుగా తిరుగుతోంది. దాన్ని మొదట పుట్టించినవాణ్ణి నేను. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్న, అంటే మా బాపు, బొగ్గు బాయిలో పని చేయలేక దిగిపోయాక ఆయన ఉద్యోగం నాకొచ్చింది. కొన్నాళ్ళకు ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపరు ఎక్కాను. ఇల్లంత ఎత్తు బండి, నిచ్చెన పట్టుకుని ఎక్కాలి, పైకెక్కి కూర్చుంటే కింద మనుషులు చీమల్లా కనిపించేవాళ్ళు, ఆ వయసులో అదొక మత్తు. మీలో ఆ పని చేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా షిఫ్టు మారేటప్పుడు ఎవరూ ఇంజను ఆపేవాళ్ళు కాదు. దిగేవాడు నడుస్తున్న బండిని అలాగే వదిలి దిగేవాడు, ఎక్కేవాడు వాడి భుజం మీద ఒక దెబ్బ వేసి ఎక్కేవాడు. నడుస్తున్న బండి చేతికిచ్చాడంటే అది బాగున్నట్టే లెక్క. ఎవడైనా ఆపి మళ్ళీ స్టార్టు చేసి చూశాడా, దిగినవాడి మాట నమ్మనట్టే, ఇక ఆ రోజు క్యాంటీన్లో వాడికి పరువుండేది కాదు. ఈ అలవాటు నాకు ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందో అప్పట్లో నాకే తెలియదు.

బావ మాత్రం ఎప్పుడూ ఇంకొకరి బండే తోలేవాడు. పెళ్ళిళ్ళకూ, వరంగల్ దవాఖానకూ, కాళేశ్వరానికీ ఆయన్నే అడిగి మరీ పిలిపించుకునేవాళ్ళు. బండి కదిలిందో లేదో తెలియనట్టు తోలతాడని ముసలివాళ్ళు చెప్పుకునేవారు. ఆయనకున్న ఒకే ఒక్క కోరిక, చచ్చేలోగా తన పేరున ఒక బండి అడ్డాలో పెట్టుకోవడం. జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరు సారు బదిలీ మీద వెళ్ళిపోతూ తన డీజిలు అంబాసిడరు అమ్ముతున్నారని తెలియగానే, పెద్ద బండ్లు తోలేవాణ్ణి కదా అని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

మేము వెళ్ళేసరికే కారు షెడ్డు ముందు నడుస్తూ ఉంది. సారు మమ్మల్ని లోపలికి పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టి, గాజు కప్పుల్లో టీ ఇప్పించారు. ఒక ఆఫీసరు ఇంట్లో కుర్చీలో కూర్చుని టీ తాగడం నాకదే మొదటిసారి. బయటికొచ్చి బానెట్ ఎత్తి చూశాను. నల్లగా, నున్నగా, ఒక్క తీరుగా మోగుతోంది. బావ ఇంజను మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా, "ఒక్కపారి బందు జేద్దామా బామ్మర్ది? సల్లారినంక మళ్ల సురువు జేసి సూద్దాం" అన్నాడు.

నాకు సిగ్గేసింది. టీ ఇచ్చిన మనిషి ముందర ఆయన బండి ఆపమనడమా! "గట్ల అడుగుతరా బావా, ఇజ్జత్ పోతది. నడుస్తున్న బండి చేతిలవెడ్తుండు గద" అన్నాను. ఆయన బానెట్ దించి, డబ్బు లెక్కపెట్టి సారు చేతికిచ్చాడు. సారు కావాలనే ముందుగా వేడి చేసి ఉంచారో, పొద్దున ఎక్కడికో వెళ్ళొచ్చి ఆపలేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిందల్లా బావ ఆపి చూద్దామన్నాడు, నేను వద్దన్నాను.

మర్నాటి పొద్దున్నుంచే బండి బుద్ధి బయటపడింది. చల్లగా ఉంటే ఎంతకీ అందుకునేది కాదు. మా క్వార్టర్ల లైనులో ఆడా మగా తోస్తే తప్ప కదిలేది కాదు, కదిలాక వాడంతా తెల్లటి పొగ. "బొగ్గు సాలదని నీ పొగ గూడనా అన్నా" అని పక్కింటివాళ్ళు నవ్వేవారు, బావ కూడా నవ్వేవాడు. అక్క మాత్రం నవ్వేది కాదు. వేడెక్కితే బాగానే నడిచేది కాబట్టి, ఆయన నూనె పోసుకుంటూ, బతిమాలుకుంటూ ఒక వర్షాకాలం దాకా లాక్కొచ్చాడు. చివరికి ఒక పెళ్ళివాళ్ళను తీసుకుపోతుండగా పెద్దపల్లి దాటాక ఇంజను పట్టేసింది. పెళ్ళికూతురు పట్టుచీర మోకాళ్ళ దాకా ఎత్తుకుని బురదలో నడిచిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు.

ఆ సాయంత్రం బాపు మా ఇంటి ముందు మంచం మీద కూర్చుని, అందరి ముందూ నన్నడిగాడు. "నువ్వు సూసినవ్ గదరా, గప్పుడు ఎట్లుండె?" నేను డంపరు ఆపరేటర్ని. నా కన్ను మోసపోయిందని ఎలా చెప్పను? "నేను సూసినప్పుడు మంచిగనే ఉండె బాపు. నూనె సూసుకోక తోలిండేమో" అన్నాను. బావ అక్కడే గోడకానుకుని నిలబడి ఉన్నాడు. నావైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాట నాకంటే ముందే చౌరస్తా చేరింది. సొంత బండి ఇంజనే కాల్చుకున్నవాడు మన బండినేం చూస్తాడని ఓనర్లు ఆయనకు తాళాలివ్వడం మానేశారు. మందమర్రి దాకా వెళ్ళి అడిగాడు, అక్కడికీ ఆ మాటే వెళ్ళింది. తర్వాత ఒక బట్టల దుకాణం ముందు స్కూటర్లు వరసగా పెట్టించే కాపలా పని దొరికితే అదే చేస్తూ ముసలివాడయ్యాడు. అంబాసిడరు క్వార్టరు పక్కనే చాలాకాలం నిలబడి ఉండేది, దాని అద్దాల మీద పేరుకున్న బొగ్గు దుమ్ములో పిల్లలు వేళ్ళతో బొమ్మలు గీసేవారు. ఆ పిల్లల్లో మా మేనల్లుడూ ఉండేవాడు.

అందుకే మొన్న నేను ఒక్కణ్ణీ వెళ్ళకుండా బావను కూడా లేపి తీసుకెళ్ళాను. మేము దిగేసరికి అమ్మేవాడు కారు స్టార్టు చేసి సిద్ధంగా పెట్టాడు. ఆ చప్పుడు వినగానే ఇద్దర్నీ పక్కకు పిలిచాను. అక్కడే, బావ కొడుకు ముందే, జ్యోతినగర్‌లో జరిగింది జరిగినట్టు చెప్పాను. మేనల్లుడు నా ముఖంలోకీ తండ్రి ముఖంలోకీ మార్చి మార్చి చూశాడు. బావ నావైపు తిరగలేదు.

"గీ ముచ్చట మా మామ ఉన్నప్పుడు జెప్తే అయిపోతుండె గద బామ్మర్ది" అన్నాడు. ఆయన మామంటే మా బాపు. పోయి చాలా కాలమైంది.

తర్వాత కొడుకుతో, "బందు జెయ్ బిడ్డా. సల్లారనీ" అన్నాడు. అమ్మేవాడు విసుక్కుంటున్నా ముగ్గురం రేకుల నీడన కూర్చున్నాం. చల్లారాక బావ బానెట్ మీద చెయ్యి పెట్టి, స్టార్టు చేయమన్నాడు. అది దగ్గి దగ్గి అందుకుంది, వెనక తెల్లటి పొగ లేచింది. నేను నోరు విప్పేలోగానే ఆయన చెయ్యి తీసేశాడు. "వద్దు." అంతే.

తిరిగి వచ్చేటప్పుడు, దోస్తు దగ్గర అడిగి తెచ్చిన కారు తాళాలు మేనల్లుడు తండ్రి ముందుకు చాపి, "నువ్వు తోలు బాపు" అన్నాడు. వాడి గొంతులో అంత మెత్తదనం నేనెన్నడూ వినలేదు. "లైసెన్సు ఎప్పుడో తీరిపాయె బిడ్డా, మళ్ల జేయించలే" అని బావ వెనక సీట్లో కూర్చున్నాడు.

ఇప్పుడు మా ఓపెన్‌కాస్టులో ఎక్కేవాడు బండి ఆపి, చుట్టూ తిరిగి, అన్నీ చూసుకుని గానీ ఎక్కడట. మొదట్లో ఆ మాట విని, మనుషుల మీద నమ్మకం పోయిందని బాధపడ్డాను. భుజం మీద పడే ఆ దెబ్బ ఇప్పటి పిల్లలకు తెలియదనుకున్నాను. ఇప్పుడలా అనుకోలేకపోతున్నాను. నమ్మకమని నేను చెప్పుకున్నదాంట్లో సగం నా సిగ్గే.

గోదావరి వంతెన మీదికి రాగానే ముందు ఒక బొగ్గు లారీ అడ్డమొచ్చింది. నేను బావ పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను. మేనల్లుడు బ్రేకు తొక్కక ముందే, వెనక సీట్లో ఏమీ లేనిచోట, బావ కుడికాలు కిందికి నొక్కుకుంది.