సగం మనిషికి మీసాలు

అల్ అమెరాత్‌లో మా కంపెనీ స్టోర్ చూసేది నేనే. సిమెంటు, పుట్టీ, స్క్రూలు, సీలింగుకు కొట్టే జిప్సం బోర్డులు, ఏది కావాలన్నా నా ద్వారానే రావాలి. అందుకే ఆర్డర్ పెట్టడంలో నన్ను మించినవాడు ఒమన్ మొత్తంలో లేడని నాకో నమ్మకం. కళను కూడా అలాగే తెప్పించుకోవచ్చు అనుకున్నాను.

నాకీ కళపిచ్చి ఫోన్‌తో మొదలైంది. ఐదు వందల ఏళ్ల కిందటి ఇటలీ శిల్పి ఒకాయన జీవితం మీద ఏదో వీడియో చూశాను. ఒకటి చూస్తే ఫోన్ ఊరుకోదు కదా, వరసబెట్టి చూపించింది. కొన్నాళ్లకు ఆయనకు స్వయానా మేనల్లుణ్ణయినంత చనువు వచ్చేసింది. ఆయన ఎవరితో తగాదా పడ్డాడో, ఎందుకు బూట్లు విప్పకుండా పడుకునేవాడో, అంతా నాకు తెలుసు. శుక్రవారం సెలవు కాబట్టి రూమ్‌లో నలుగురం కలిసి వండుకుంటాం. ఉల్లిగడ్డలు కోసే పని తప్పించుకోవడానికి నేను సరిగ్గా అప్పుడే ఆయన కథ ఎత్తుకునేవాణ్ణి.

మా రూమ్‌కు పెద్ద దిక్కు మేస్త్రీ. జగిత్యాల వైపు మనిషి, నాకన్నా పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. సీలింగు, ఫినిషింగు పనుల్లో చెయ్యి తిరిగినవాడు, నోరు అంతకన్నా తిరిగినవాడు. ఆ శిల్పి ఏళ్ల తరబడి తల పైకెత్తి చర్చి సీలింగుకు బొమ్మలు వేశాడని నేను గొంతు వణికించి చెబితే, "మరి మెడకేం రాసుకున్నడు తమ్మీ?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోలేక కోప్పడ్డాను.

ఇంకోసారి ముక్కు కథ చెప్పాను. ఊరి పెద్ద ఒకాయన కొత్త విగ్రహాన్ని చూసి ముక్కు లావుగా ఉందన్నాడట. శిల్పి పరంజా ఎక్కి, గుప్పిట్లో రాతిపొడి దాచుకుని, ఉలి ఆడిస్తున్నట్టు నటిస్తూ పొడిని మెల్లగా రాల్చాడట. ముక్కును ముట్టుకోనేలేదు. కింద నిలబడ్డ పెద్దమనిషి మాత్రం ఇప్పుడు ప్రాణం వచ్చిందని మెచ్చుకున్నాడట. కథ చెప్పి నేనే నవ్వాను. కూర కలుపుతూ మేస్త్రీ, "ఉప్పు సరిపోయిందా సూడు" అన్నాడు.

వీళ్లకు చెప్పి లాభం లేదని, చూపిద్దామని బయల్దేరాను. మొదట ఆ సీలింగు బొమ్మ నకలు కాగితం మీద తెప్పించి గోడకు అంటించాను. మేస్త్రీ దాని దగ్గరికెళ్లి అందులోని పగుళ్లు వేలుపెట్టి చూపించాడు. ఆ తర్వాత శిల్పాల నకళ్లు పోసే ఒక కార్ఖానాకు ఆర్డర్ పెట్టాను. ఆ ఇటలీ ఆయన శిల్పాలు చాలావరకు బట్టలు లేనివి. రూమ్‌లో దేవుడి పటం పక్కన పెట్టాలంటే నాకు ధైర్యం చాల్లేదు. వెతగ్గా వెతగ్గా, ఆయన పూర్తిగా చెక్కకుండా వదిలేసిన మనిషి ఒకడు దొరికాడు. బండలోంచి సగమే బయటికొచ్చి, మొహమూ నడుమూ ఇంకా రాయిలోనే ఉన్నవాడు. కళా నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుందనుకున్నాను.

మోచేతంత బొమ్మ వచ్చింది. విప్పి బల్ల మీద పెట్టగానే మేస్త్రీ చుట్టూ తిరిగి చూశాడు.

"సగం పనిజేసే పంపిన్రు గదా. వాపస్ కొట్టు."

"నీకు చెప్పినా అర్థం కాదన్నా" అన్నాను, మహా గొప్పగా. మర్నాడు సూర్ పట్నంలో సైట్ స్టోర్ సర్దడానికి పోయాను.

మేస్త్రీ పుట్టిందీ పెరిగిందీ ఫినిషింగులోనే. పని అప్పగించే ముందు ఇంజనీరు వచ్చి మిగిలిపోయిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుడతాడు. ఆ సున్నాలు చెరిగేదాకా మేస్త్రీకి అన్నం దిగదు. నేను సూర్ నుంచి తిరిగొచ్చేసరికి బొమ్మకు మొహం వచ్చింది. కళ్లు, ముక్కు, మెలితిప్పిన మీసాలు. నడుముకు గోచీ కూడా. అంతా పుట్టీతో దిద్ది, పైన తెల్ల రంగు రెండు కోటింగులు వేశాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. అది అలాగే ఉండాల్సిన బొమ్మ అని అరిచాను.

"మొఖం లేంది పని అయిపోయినట్టెట్ల?" అన్నాడు నిజంగానే అర్థంకాక. "కార్ఖానోడు నిన్ను మోసం జేసిండనుకున్న. పోయేముందు నీకేమన్న జేసిచ్చి పోదామని."

ఆయన వీసా క్యాన్సిల్ చేసుకుని శుక్రవారం శాశ్వతంగా ఊరికి వెళ్లిపోతున్నాడు. అది తెలిసి కూడా ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు. ఇలాగే పంపించేస్తే మళ్లీ కలిసేదెక్కడో తెలియదు. రోజూ మాట్లాడదామనుకోవడం, మీసాలు చూడగానే మళ్లీ మండిపోవడం. నా మొండితనం మీద నాకే అసహ్యమేసింది.

శుక్రవారం పొద్దున మత్రా బజారు నుంచి తెచ్చిన సామానుతో అట్టపెట్టె కట్టారు. మా రూమ్‌లో ఎవరు ఊరికెళ్లినా పెట్టె మీద పేరూ ఊరూ రాసేది నేనే, నా దస్తూరీ బాగుంటుందని. మాట్లాడకుండానే రాశాను. ఆయన బొమ్మను తెచ్చి నా ముందు పెట్టాడు.

"పుట్టీయే గదా. ఇంకా టైమున్నది, గీకి ఎప్పటోలె జేస్త."

గీకమనడానికి నోరు రాలేదు. బాగుందనడానికి అహం అడ్డొచ్చింది.

"ఉండనీ అన్నా. ముక్కే కొంచెం లావైంది."

ఆయన తన పనిసంచిలో చెయ్యి పెట్టి సాండ్‌పేపర్ తీసుకుని, బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నావైపు వీపు తిప్పి నిలబడ్డాడు. గరగరమని చప్పుడు. తెల్లటి పొడి రాలింది.

"ఇప్పుడు?"

నేను రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి, తల ఊపాను.

"ఆఁ, ఇప్పుడు ప్రాణం వచ్చింది."

మిగతా ఇద్దరూ నవ్వు ఆపుకోలేక నోట్లో తువ్వాలు కుక్కుకున్నారు. మేస్త్రీ ఎడమ చెయ్యి చాపి గుప్పిట తెరిచాడు. అందులో ఇంకా కాస్త పుట్టీ పొడి మిగిలి ఉంది.

"ఉప్పు గురించి అడిగితె కథ ఇనలేదనుకున్నవా తమ్మీ?"

నవ్వుతూనే ఏడ్చేశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేస్తే చొక్కా అంతా తెల్లగా అయింది.

బొమ్మ ఇంకా దేవుడి పటం పక్కనే ఉంది. ముక్కు లావుగానే ఉంది. శుక్రవారాలు ఉల్లిగడ్డలు ఇప్పుడు నేనే కోస్తున్నాను.