పెద్దాయన మాట్లాడిన మీటింగు

నేను పుట్టింది కోవూరు దగ్గర వరి పండించుకునే ఇంట్లో. చేపల గురించి నాకు తెలిసిందల్లా సంతలో బేరమాడటం వరకే. అయినా నాయుడుపేటలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరి, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊళ్ళ పని చూసేదాన్ని. ఊళ్ళవాళ్ళ మాట ఆఫీసర్లకూ, ఆఫీసర్ల మాట ఊళ్ళకూ అందించడం నా ఉద్యోగం. ఆ పని నాకంటే బాగా ఎవరూ చేయలేరని లోలోపల ఒక గర్వం కూడా ఉండేది.

ఆ ఊళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. సరస్సులో ఏ రోజు ఎవరు ఎక్కడ వల వేయాలో వాళ్ళకు వంతులుంటాయి. వంతుల దగ్గర తగాదా వస్తే ఆయన ఊరితో కలిపి నాలుగు ఊళ్ళవాళ్ళూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. కాగితాలుండవు, సంతకాలుండవు. ఆయన ఒక మాట చెప్పేవాడు, అందరూ లేచి ఎవరి పడవ దగ్గరికి వాళ్ళు పోయేవాళ్ళు.

సరస్సులోకి సముద్రపు నీళ్ళు వచ్చే దారి ఇసుకతో పూడిపోయిందని, దాన్ని తవ్వుతామని ఒక ఆఫీసు నుంచి కబురొచ్చింది. తవ్వితే మంచిదే. కానీ తీసిన ఇసుకను రొయ్యలు బాగా దొరికే లోతు తక్కువ నీళ్ళలో పోస్తామన్నారు. నాలుగు ఊళ్ళూ వద్దనుకున్నాయి. ఆ మాట పెద్దాయనే చెప్పాలని నిర్ణయించుకున్నాయి. ఆఫీసరుకు అంతదూరం రావడానికి తీరిక లేదు గనక వీడియో మీటింగు పెట్టారు. నేను నాయుడుపేట ఆఫీసులో కూర్చుని మీటింగు నడిపాను. పెద్దాయన తన ఊరివాళ్ళు కొందరితో కలిసి వలలు దాచుకునే షెడ్డులో ఫోను ముందు కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు మీటింగు వివరాలు కాగితం మీద వచ్చాయి. మత్స్యకారుల తరఫున ఎలాంటి అభ్యంతరం రాలేదని అందులో ఉంది.

మిగతా మూడు ఊళ్ళూ భగ్గుమన్నాయి. పెద్దాయన ఆఫీసరుతో కలిసిపోయాడన్నారు. ఆ తర్వాత వంతులు తేల్చుకునే రోజున ఆయన్ను పిలవనే లేదు. పడవలన్నీ ఆయన ఇంటి ముందు నుంచే పోయాయట, ఒక్కరూ పలకరించలేదట. ఇది విని నేను ఊరికి పరుగెత్తాను. ఆయన గడపలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

“నేను లేచి నిలబడి మాట్లాడినా పాపా,” అన్నాడు తల ఎత్తకుండానే. “శానాసేపు మాట్లాడినా. ఆడ ఇసక పోస్తే మా పిలకాయలు ఏం తింటారని అడిగినా.”

“మీ పక్కన కూర్చున్నవాళ్ళు విన్నారు గదా పెద్దాయనా?”

“వాళ్ళు నా ఊరోళ్ళే గదా. వాళ్ళు చెప్తే ఆ మూడూళ్ళోళ్ళు ఎట్టా నమ్ముతారు?” కాసేపు దారం లాగి ముడి వేశాడు. “ఆ పొద్దు అంతా రికార్డు చేస్తుండానని చెప్పినావే నువ్వు. అది తెచ్చి చూపించు. ఇంకేం వద్దు నాకు.”

రెండు రోజుల్లో తెస్తానని మాటిచ్చి వచ్చేశాను. బటన్ నొక్కినట్టు నాకు బాగా గుర్తుంది. నేను రాసుకున్న నోట్సులో మాత్రం ఆయన మాట ఒక్కటీ లేదు. నెట్‌వర్క్ బాగాలేక నాకు వినపడి ఉండదనీ, ఆఫీసరు విని కూడా మింగేశాడనీ నాకు నేనే తేల్చేసుకున్నాను. దారి పొడుగునా బస్సులో ఆ ఆఫీసరును మనసారా తిట్టుకున్నాను.

తీరా వెతికితే రికార్డింగు లేదు. క్లౌడ్‌లో నా ఖాతా మొత్తం గాలించాను. ఊరి పేరు కొట్టాను, సరస్సు పేరు కొట్టాను, ఇసుక అని కొట్టాను. చెత్తబుట్టలో చూశాను. లాప్‌టాప్‌లో పనికిరానివన్నీ తెరిచి చూశాను, ఎప్పుడో దించుకున్న పెళ్ళి శుభలేఖలతో సహా. “అసలు నువ్వు రికార్డు చేశావా?” అని మా సంస్థ నడిపే సారు ఒక్క మాట అడిగినందుకు ఆయనతో పెద్ద గొడవ పెట్టుకున్నాను.

పెద్దాయన రోజు విడిచి రోజు పొద్దున్నే ఫోను చేసేవాడు. “దొరికిందా పాపా?” అని ఒకటే ప్రశ్న. లేదంటే, “సర్లే, చూడు,” అని పెట్టేసేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మూడో వారం వచ్చేసరికి ఆయన నంబరు కనిపిస్తే నేను ఫోను ఎత్తడం మానేశాను. సిగ్గుచేటు పనే, ఒప్పుకుంటున్నాను.

నాకంటే ముందు ఈ ఉద్యోగం చేసిన అక్క ఒకామె ఉంది. కాన్పు కోసం పని మానేసి బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టింట్లో ఉంటోంది. ఒక ఆదివారం బిడ్డను చూడటానికి వెళ్ళి నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆమె బిడ్డను జోకొడుతూనే అడిగింది.

“ఆ మీటింగుకి లింకు పంపింది నేను గదా?”

“అవునక్కా, అది నీ ఆఖరి వారం.”

“మరి నీ దాంట్లో ఎట్టా ఉంటాది? బటన్ ఎవరు నొక్కినా, లింకు చేసినోళ్ళ ఖాతాలోకి పోతాది. పైగా ఆ రోజు హడావుడిలో నేను కొత్త లింకు చేయలా. మన సోమవారం రివ్యూ లింకే పంపించేసినా. ఆ పేరుతోనే ఉంటాది చూడు.”

“నీ ఖాతా మూసేశారు గదక్కా.”

“మూసేస్తే? నా ఫైళ్ళన్నీ సారు ఖాతాలో పెట్టినారు, నా పేరుతో ఒక ఫోల్డరు ఉంటాది. సారు దాన్ని ఎప్పుడూ తెరిచుండడు,” అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను ఆ ఇంట్లో.

మర్నాడు సారు భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాను, ఆయన అనుమతితోనే. ఫోల్డరు నిండా సోమవారం రివ్యూలు. అన్నింటికీ ఒకటే పేరు. తేదీలు చూసుకుంటూ పోయాను. ఒక్కటి మాత్రం గురువారం నాడు చేసిన సోమవారం రివ్యూ. తెరిచాను. వలల షెడ్డు, తెల్ల కండువాతో పెద్దాయన.

మొదట్లో షెడ్డులోంచి గాలి హోరు. ఆఫీసరు విసుక్కున్నాడు. “ఏందమ్మా ఆ చప్పుడు, చెవులు పోతున్నాయి.” నేను “సారీ సార్” అన్నాను. వెంటనే తెర మీద ఊరివాళ్ళు కనిపించే పెట్టెలో మైకు గుర్తు మీద ఎర్రగీత పడింది. ఆ గీత వేసింది నేను. వాళ్ళ మైకు నేను ఆపగలను గానీ, మళ్ళీ తెరవాల్సింది వాళ్ళే. ఆ సంగతి వాళ్ళకు చెప్పాలి. చెప్పలేదు. మర్చిపోయాను.

ఆ తర్వాత తెరంతా మ్యాపు. ఊరివాళ్ళు మూలన చిన్న పెట్టెలో మిగిలారు. ఇసుక ఎక్కడ పోస్తారో ఆఫీసరు చూపించగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు. చేయి ఎత్తి నీళ్ళవైపు చూపించాడు. కండువా తీసి చేతికి చుట్టుకున్నాడు. నోరు కదులుతూనే ఉంది. అవతల ఆఫీసరు ఆగలేదు. పెద్దాయనకు అదేమీ వింతగా అనిపించి ఉండదు, ఆఫీసర్లు ఎప్పుడు ఆగారు గనక.

చివరికి ఆఫీసరు కాగితాలు సర్దుకుంటూ అడిగాడు. “ఏంటి, ఊరివాళ్ళు ఎవరూ మాట్లాడరా?”

అప్పుడు వినిపించింది నా గొంతు. తియ్యగా, చదువుకున్నదానిలాగా. “మొహమాటపడుతున్నారు సార్. వాళ్ళకు పెద్ద ఇబ్బందేమీ లేదు. నేను తర్వాత కనుక్కుంటాను, మీరు కానివ్వండి.”

మూలన పెద్దాయన ఇంకా మాట్లాడుతున్నాడు. చేయి ఎత్తి ఉండగానే తెర నల్లబడింది.

ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు. చేపలు పట్టుకునేవాళ్ళు ఆఫీసరు ముందు నోరు విప్పరని నాకొక నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆ చిన్న పెట్టెవైపు చూడనైనా చూడలేదు. ఇన్ని వారాలూ నేను తిట్టిన ఆఫీసరు చేసిందల్లా నేను చెప్పింది రాసుకోవడమే. నా మీద నాకే అసహ్యం వేసింది. ఫైలు మీద నొక్కితే తొలగించు అనే మాట అక్కడే ఉంది. దొరకలేదని చెబితే అడిగేవాళ్ళు లేరు. బాణం గుర్తును ఆ మాట దాకా తీసుకెళ్ళాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. సారు మెట్లెక్కుతున్న చప్పుడు వింటూ దాన్ని నా ఫోనులోకి దించుకున్నాను.

మర్నాడు పెద్దాయన తన ఇంటి అరుగు మీద మొదటి నుంచీ చివరిదాకా చూశాడు. నా గొంతు వచ్చినప్పుడు ఆయన మొహంలోకి చూడలేకపోయాను. అయిపోయాక ఫోను నా చేతికిచ్చాడు.

“నేను నిలబడింది కనపడతా ఉండాదిగా,” అన్నాడు.

“తప్పు నాది పెద్దాయనా. మైకు ఆపింది నేనే. ఆ మాట అన్నది కూడా...”

“విన్నాలే.” కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “రేపు ఆ మూడూళ్ళోళ్ళని పిలస్తా. నీ మాట వచ్చేముందే ఆపెయ్. నాది చాలు.”

ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది.

మూడు ఊళ్ళవాళ్ళూ వచ్చారు, కొందరు మొహాలు ముడుచుకునే వచ్చారు. షెడ్డులో ఫోనును ఒక పెట్టె మీద నిలబెట్టాను. తెర మీద పెద్దాయన లేచాడు. పక్కనే నిజం పెద్దాయన కూడా లేచి నిలబడి, ఆ రోజు ఏమన్నాడో మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఇసుక, రొయ్యలు, పిల్లలు, అమావాస్య రోజుల్లో ఎదురొచ్చే పోటు. తెర మీద చేయి లేచినచోటే ఆయన చేయీ లేచింది. ముడుచుకున్న మొహాలు విచ్చుకోవడం నేను చూశాను. నా వేలు ఆపే గుర్తు మీదే ఉంది. పెద్దాయన నావైపు చూసి, ఇక ఆపమన్నట్టు తల ఊపాడు.

నేను ఆపలేదు.

“మొహమాటపడుతున్నారు సార్. వాళ్ళకు పెద్ద ఇబ్బందేమీ లేదు.”

పెద్దాయన మాట మధ్యలో ఆగిపోయింది. అది నేను ఊళ్ళో మాట్లాడే గొంతు కాదు, ఆఫీసర్లకోసం దాచుకునే గొంతు. ఎవరూ పోల్చుకోలేదు.

“ఎవురది, ఆ ఆడమనిషి?” అని అడిగింది వెనక కూర్చున్నామె.

“ఆఫీసులో ఎవురో లేమ్మా,” అన్నాడు పెద్దాయన. ఆయన నోట అబద్ధం వినడం నాకదే మొదటిసారి.

“నేనే,” అన్నాను.