వణకని చేతులు

ఇన్నేళ్లుగా నా గుండె మీద ఒక మనిషి చేతుల బరువుంది. ఆయన కర్దనూర్ రైతు మల్లయ్య. ఆయనకే చెప్పని సంగతి మీకు చెబుతున్నాను.

పాశమైలారం వైపు నుంచి ఫ్యాక్టరీ నీళ్లు వాగులో కలిసి ఆయన పొలం పాడైంది. ఊరివాళ్లకు అర్జీలు రాసిపెడుతూ, ప్రతిదానికీ నకలు దాచుకునే నేను, ఫిర్యాదుకు వీడియో సాక్ష్యం ఉండాలన్నాను. మోకాళ్ల నొప్పితో గట్టు దిగలేక నా కెమెరా ఆయనకిచ్చాను. ఫ్యాక్టరీ నీళ్లు వదిలే గొట్టం దగ్గర ఘాటుకు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ తీశాడు. బొమ్మంతా ఊగిపోయింది.

అధికారి ముందు పెట్టే కాగితంలో ఒక్క కొట్టివేతను కూడా సహించని వాణ్ణి. ఆ ఊగుడు నాకు అపరిశుభ్రంగా తోచింది. సంగారెడ్డిలో పెళ్లి వీడియోలు కలిపే అతని చేత కంప్యూటర్‌లో దాన్నంతా సర్దించాను. దగ్గు వినబడకుండా శబ్దమూ తీయించాను. స్టాండు మీద పెట్టి తీసినట్టు వచ్చింది. మురిసిపోయాను.

అధికారి చూశాడు. “నిలబడలేనంత ఘాటని రాశారు. తీసినవాడి చెయ్యి కూడా కదల్లేదే?”

పక్కనే మల్లయ్య. తను తీసిన వీడియో చూడటం ఆయనకదే మొదలు. సర్దించానని చెబితే నా కాగితాలన్నిటినీ అనుమానిస్తారని భయమా? నా పద్ధతికే మచ్చ అన్న సిగ్గా? ఊరుకున్నాను. ఫిర్యాదు మూసేశారు.

ఒక్కసారైనా వాగు చూడటానికి రాని ఆ అధికారి మీద నాకిప్పటికీ కోపమే. న్యాయమైన కోపం. దాని చాటునే ఇన్నేళ్లూ దాక్కున్నాను.

బస్టాండులో మల్లయ్య అన్నాడు: “నా చేతులు గింత గట్టియని నాకే తెల్వదు సారూ. బీడీ ముట్టిచ్చుకునేటప్పుడే వణుకుతయని మా ఇంటామె నవ్వుతది. గా దినం జెర వణికినా నమ్ముతుండె.”

“నీ తప్పేం లేదు, మల్లయ్యా.”

“గట్లెట్ల సారూ, తీసింది నేనే గదా. ఇగ చాయ్ తాగున్రి, సల్లారుతది.”

తాగాను.

ఆ తర్వాత కూడా ఆయన మా ఇంటికి రావడం మానలేదు. నా మోకాళ్లకు ఆముదపు ఆకులు వెచ్చచేసి కడతాడు. “మా కోసం రాసినోడు ఈ సారే” అని ఊళ్లో చెబుతాడు. ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చిన నన్ను తనవాణ్ణి చేసుకున్నాడు. ఆ రుణం తలచుకుని కృతజ్ఞతగా నాలుగు మాటలు రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. ప్రతిసారీ ఈ ఒక్క మాట అడ్డొచ్చి కలం ఆగేది.

దీన్ని ఆయనకు చదివి వినిపించే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. క్షమాపణకు అర్హత ఉందనీ అనుకోను. రాశాను, అంతే. ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ రోజు వాగు దగ్గర మల్లయ్య చేతులు వణికాయి. బాగా వణికాయి. వణకనట్టు చేయించింది నేను.