గుండుతో గాలి చూసే అన్నయ్య

మా అన్నయ్య తన తలను తప్ప లోకంలో దేన్నీ నమ్మడు. తల అంటే తెలివితేటలనుకునేరు. కాదు, అచ్చంగా ఆ నున్నటి గుండునే. పాతకాలపు కార్లలో హీటరు, ఏసీ గాలి గొట్టాలు బాగుచేయడం ఆయన పని. అదే షెడ్డులో సీట్లు కుట్టడం నా పని. తోడబుట్టినవాడు కాదు గానీ, పదకొండేళ్లు ఒకే కప్పు కింద తిట్టుకున్నాక అన్నయ్య కాక ఇంకేమవుతాడు?

గొట్టం బిగించాక ఎవరైనా చెయ్యి పెట్టి చూస్తారు. ఈయన టోపీ తీసి, నడుం వంచి, డ్యాష్‌బోర్డు కింద తల దూరుస్తాడు. వేసవిలో ఏసీకైనా అంతే, చలికాలంలో హీటరుకైనా అంతే. కొత్తవాళ్లు కారుకి దణ్ణం పెడుతున్నాడనుకుంటారు. ఓసారి స్టీరింగు కింద ఇరుక్కుపోతే నేనూ, కారు యజమానీ చెరో కాలూ పట్టి లాగాం. బయటికొచ్చాక ఆయన అన్న మొదటి మాట, "ఎడమవైపు గాలి తక్కువొస్తోంది."

చూడలేక నేనే ఓ థర్మామీటరు కొనిచ్చాను.

"ఇదెందుకురా?"

"తల బదులు ఇది పెట్టు."

"దీనికి జలుబు చేస్తుందా?"

"చెయ్యదు."

"మరి దీనికేం తెలుస్తుంది!"

ఆ రోజు నుంచీ అది గోడ మేకుకి వేలాడుతోంది. వీధిలోవాళ్లు ఆయన్నే థర్మామీటరు అనడం మొదలుపెట్టారు.

కిందటి చలికాలం రిటైరైన ఓ పోస్ట్‌మాస్టరు తన పాత కారు తోలుకొచ్చాడు. మనవరాలు నెలలు నిండకుండా పుట్టిందట. ఐదు వారాలు ఆస్పత్రిలో ఉంచి, శుక్రవారం ఇంటికి పంపుతామన్నారట. ఇల్లు మూడు గంటల దూరం. పిల్లకి చలిగాలి తగలకూడదు, వేడీ ఎక్కువ కాకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. మంచు పడే ఆ కొండదారికి అద్దె బండ్లు రామంటున్నాయి. ఉన్నది ఈ కారొక్కటే. తీరా చూస్తే దాని గొట్టాలు అట్టతో చేసినవి, ముట్టుకుంటే పొడిపొడి అయిపోతున్నాయి.

"శుక్రవారానికి అవుతుందంటారా?" అన్నాడు పెద్దాయన.

"అవ్వాలి కదండీ," అన్నాడు అన్నయ్య.

మిగిలిన ముక్కల్ని అచ్చుగా పెట్టుకుని, గుడ్డకి జిగురు పట్టించి, పొరమీద పొర వేసి కొత్త గొట్టాలు చేశాడు. మూడు రోజులు తెల్లారకముందే వచ్చాడు. గురువారం మధ్యాహ్నం పరీక్షకని టోపీ తీస్తే నేను నోరెళ్లబెట్టాను. గుండంతా ఎక్కడా ఖాళీ లేకుండా, నల్లగా, ఒత్తుగా జుట్టు మొలుస్తోంది!

"నీది బట్టతల కాదా?"

"ఎవరన్నారు?"

"పదకొండేళ్లుగా నేనే అంటున్నా!"

"రోజూ పొద్దున్నే గీసుకుంటాన్రా. ఈ మూడు రోజులూ తీరిక దొరకలేదు."

ఎందుకో చెప్పేదాకా వదల్లేదు. పనిలో చేరిన కొత్తలో ఆయనకి బోలెడు జుట్టుండేదట. ఒక కారు చూసి, అంతా బాగుందని పంపించేశాడు. వెనక సీట్లో పడుకోబెట్టిన పసివాడి నెత్తి మీదికి వేడిగాలి సూటిగా కొట్టి, ఇల్లు చేరేసరికి మాడు ఎర్రగా కందిపోయింది. పిల్లాడికి రెండ్రోజుల్లో తగ్గింది గానీ, అన్నయ్యకి మాత్రం తగ్గలేదు.

"ఆ గాలి ముందు నా తలకీ తగిలిందిరా. జుట్టు అడ్డొచ్చి తెలీలేదు," అన్నాడు.

ఇన్నేళ్లుగా ఆ గుండు మీద వేసిన జోకులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. నేనే సబ్బు రాసి గీశాను. తోలు కోసే చెయ్యి కదా, రెండుచోట్ల గాట్లు పడ్డాయి. హీటరు వేయించి, వెనక సీట్లో ముడుచుకుని, పాప తల ఉండే చోట తన తల పెట్టి గంటసేపు పడుకున్నాడు.

లేచి, "సీటు వెనక నుంచి సన్నగా చలిగాలి వస్తోంది. ఈ అట్ట బిగించింది ఎవడ్రా?" అన్నాడు.

అంతకుముందు ఏడాది ఆ కారు సీట్లు కుట్టినప్పుడు బిగించింది నేనే. మేకులన్నీ పీకి మళ్లీ బిగించాను.

శనివారం పొద్దున పోస్ట్‌మాస్టరు ఫోను చేశాడు. "పాప దారంతా కదల్లేదండీ, ఇంటికొచ్చాకే కళ్లు తెరిచింది. నాకు మాత్రం ముందు సీట్లో చెమటలే చెమటలు! దిగాక చొక్కా పిండుకున్నాను. మీరు పెట్టిన చోటు నుంచి హీటరు మీట కదపడానికి భయమేసింది. ముందు సీటు సంగతి మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదండీ," అన్నాడు అన్నయ్య గుండు తుడుచుకుంటూ. "మీకు నోరుంది కదా, ఫోను చేసి చెప్పుకుంటారని వదిలేశాను."