రాజిగాడి ఉలవలు

కేతేపల్లి అవతలి బత్తాయి తోటకు సుక్కమ్మ కావలి. కోతులను తరిమేది మాత్రం ఆమె కుక్క, రాజిగాడు.

చిత్తకార్తె వస్తే రాజిగాడు తోటను మరిచేవాడు. ఆడకుక్కల వెంట ఊళ్లు తిరిగి, చెవి చీలి, కుంటుకుంటూ వచ్చేవాడు. ఆలోగా కోతులు కాయ కొరికి పారేసేవి. వచ్చే చిత్తకూ ఇదే అయితే వేరే కావలిని పెట్టుకుంటానని తోట యజమాని అమరేందర్ చెప్పేశాడు.

వానలు మొదలయ్యాక సుక్కమ్మ రాజిగాడిని పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు మెర్సీ ఆపరేషన్ చేసింది.

"తిరుగుడు బందయితదా బిడ్డా?"

"చానా మట్టుకు. మగ హార్మోన్ ఊరేది వట్టలల్లనే అవ్వా. అవి తీసేసినం. అలవాటు పోవుటానికి జర టైం పడతది."

"మరి మొరుగుడు?"

"గదెందుకు పోతది? కావలి కాసుడు వాని గుణం."

తోటకు తిరిగొచ్చిన కుక్కను చూసి అమరేందర్ నవ్వాడు. "కోడెకు వట్టలు కొట్టిస్తే ఎద్దయితది. కుక్కకు కొట్టిస్తే ఏమయితది సుక్కమ్మా, మేకనా?"

"నీ చెలక దున్నేది ఎద్దే గద పటేలా."

అన్నదే గాని, సాకడం కూడా ఎద్దులాగే సాకింది. కోడెకు కొట్టించాక నీడన కట్టేసి, ఉడికిన ఉలవలు పెట్టాలి. ఆమె ఎరిగింది అదే. గాయం మానినా తాడు విప్పలేదు, ఉలవలు పెడుతూనే పోయింది. రాజిగాడు గిన్నె నాకి, ఇంకా అడిగేవాడు. ఊరి దిక్కు చూడడం మానాడు. కోతుల దిక్కు చూడడమూ మానాడు. ఒక మధ్యాహ్నం కోతి వాడి ఎదుటే కూర్చుని బత్తాయి ఒలిచింది. వాడు తోక ఊపాడు.

"మేకనే," అన్నాడు అమరేందర్.

సుక్కమ్మ మళ్లీ దవాఖానకు పోయింది. "హార్మోన్ తోటి మొరుగుడు గూడ పోయింది బిడ్డా."

మెర్సీ కుక్క పక్కటెముకలు తడిమింది. చేతికి దొరకలేదు.

"ఏం పెడుతున్నవ్ అవ్వా?"

"ఉలవలు. జొన్న గటక."

"వీడేమన్న దున్నుతడా? హార్మోన్ పోతే ఆకలి పెరుగుతది, ఒంటికి తక్కువ తిండే సరిపోతది. మొరుగుడు యాడికీ పోలే. కొవ్వు కింద పండుకున్నది. తిండి సగం చెయ్యి. తాడిప్పు."

సుక్కమ్మ తాడు విప్పింది. ఉలవలు మానేసింది. రాజిగాడు ఖాళీ గిన్నెను మూతితో నెట్టుకుంటూ ఆమె వెంట తిరిగాడు. ఆమె కరగలేదు. పొద్దున్నే గట్ల వెంట నడిపించింది, తనకు చెమట పట్టినా ఆగలేదు.

చిత్త వచ్చింది. కంచె పక్క నుంచి ఒక ఆడకుక్క, దాని వెనుక మగకుక్కల గుంపు పోయాయి. రాజిగాడు ముక్కెత్తి గాలి పీల్చాడు. మళ్లీ తల కాళ్ల మీద పెట్టుకున్నాడు.

తోట చివర కొమ్మ ఊగింది.

వాడు ఉరికాడు. కోతులు కంచె దాటేదాకా మొరిగాడు.

అమరేందర్ బండి దిగుతూ ఆగాడు. "మేక మొరుగుతాందే!"

"కాయ తెంపే మనుషులను పిలువు పటేలా," అంది సుక్కమ్మ.