పల్లకీ ఆగని వాకిలి

మా అత్తగారి ఊళ్ళో ఆడి నెల చివరి ఆదివారం గంగమ్మ పల్లకీ ఎవరి వాకిట్లో ఆగాలో నాలుగేళ్ళ పాటు నేనే తేల్చాను. ఈ మాట చెప్పుకోవడం ఒకప్పుడు నాకు ఎంత గొప్పగా ఉండేదో! స్టాఫ్ రూములో టీ తాగుతూ ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు ఎవరైనా ఆ సంగతి ఎత్తితే లేచి వంటింట్లోకి పోతాను.

నేను పుట్టి పెరిగింది మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో. కార్పొరేషన్ బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేసి ఈమధ్యే రిటైరయ్యాను. మా ఆయనది పులికాట్ సరస్సుకు ఆవల, సముద్రం ఒడ్డున ఇసుకలో ఉన్న చిన్న ఊరు. ఇద్దరు కొడుకుల్లో ఆయన చిన్నవాడు. పెళ్ళయ్యాక మేం మద్రాసులోనే ఉండిపోయాం. అక్కడి ఇల్లు, శనక్కాయల చేను, అత్తగారు, అన్నీ పెద్దకోడలి మీద పడ్డాయి. నా తోడికోడలు ఆమె. నేను అక్కా అని పిలుస్తాను. ఆమె నన్ను ‘ఏమ్మే’ అంటుంది, చిరాకొస్తే ‘టీచరమ్మా’ అంటుంది. మా మధ్య పెద్ద గొడవలెప్పుడూ లేవు. ఏడాదికి నాలుగు రోజులు కలిసేవాళ్ళకి గొడవలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆడి నెలంటే తమిళ లెక్క. మనకది ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చే వేళ. ఎండ ఇంకా మాడుస్తూనే ఉంటుంది. ఆ పక్క ఊళ్ళల్లో ఆదివారానికో ఊరు చొప్పున అమ్మకు అంబలి పోస్తారు. మా ఊరి వంతు చివరి ఆదివారం. ఆ రోజు ఒక్క పడవా నీళ్ళలోకి దిగదు. గుడి ముందు పందిట్లో కుండలకు కుండలు రాగి అంబలి, మునగాకు వేపుడు, ఎండుచేపల పులుసు. మగవాళ్ళకి నెమ్మది సైకిలు పందెం, ఆడవాళ్ళకి కుర్చీలాట, తెల్లారింది మొదలు మైకు గోల. సాయంత్రం నాలుగింటికి పల్లకీ బయలుదేరుతుంది.

ఆ పల్లకీ పెద్ద వీధి తిరిగి వచ్చేలోగా ఒక్క వాకిట్లోనే ఆగాలని ఆచారం. ఎవరి వాకిట్లో అన్నదాని మీద ఏటా తగవే. ఒకసారి కర్రలు కూడా లేచాయట. చివరికి ఊరి పెద్దలు కూర్చుని ఒక ఉపాయం చేశారు. ఆ పొద్దున ఎవరి ముగ్గు బాగుంటే వాళ్ళ వాకిట్లో ఆగుతుంది, ఏ వీధి అయినా సరే. మరి బాగుందని ఎవరు చెప్పాలి? ఊరివాళ్ళు చెబితే మళ్ళీ కర్రలే. చదువుకున్నది, బొమ్మలు తెలిసింది, మద్రాసుది అని నన్ను పట్టుకున్నారు. ఆమె ఊరి కోడలే కదా అని ఎవరో నసిగితే, “నాలుగు రోజులకి వచ్చిపోయే మనిషి బయటి మనిషే అబ్బా” అని గుడి పెద్దాయన తేల్చేశాడట. ఆ మాటలో చురక ఉందని అప్పుడు నాకు తట్టలేదు. ఎగిరి గంతేశాను.

మొదటి మూడేళ్ళూ అక్క పందెంలో కలవలేదు. “జడ్జమ్మ మన ఇంట్లోనే తిని నిద్రపోతా ఉంటే నేను ముగ్గేస్తే బాగుండదు మే” అనేది. నాలుగో ఏడు మాత్రం పేరిచ్చింది. ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉంటే ఇంత కథే లేదు.

ఆ ఇసుకలో ముగ్గు వేయడం అంటే ఆషామాషీ కాదు. ముందు సరస్సు నుంచి బంకమట్టి తెచ్చి వాకిలి మెత్తాలి, పేడనీళ్ళు అలకాలి, అది ఆరాలి. పొడి ముగ్గు వేస్తే పదింటికల్లా సముద్రపు గాలి ఎత్తుకుపోతుంది. అందుకని అక్క బియ్యం నానబెట్టి, రుబ్బి, గుడ్డపేలిక ముంచి పిండి ముగ్గు వేసేది. గుప్పిట్లోంచి పిండి నాలుగో వేలు మీదుగా సన్నగా జారేది. ఆ రోజు నేను నిద్ర లేచేసరికే వాకిట్లో వంగి ఉంది. ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు. ఒక్క గీత, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా చుక్కలన్నిటినీ చుట్టి మళ్ళీ మొదలుపెట్టిన చోటికి రావాలి. కాఫీ తీసుకెళితే కళ్ళెత్తకుండానే కసిరింది.

“ఈడ నీకేం పని? చూడబాకు. పో లోపలికి, టీచరమ్మా.”

నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాను. తర్వాత చూశాను. అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా గీతలు దిద్దిన కళ్ళు నావి. అంత మంచి గీత నేను వేయలేను. మా బడిలో ఎవరూ వేయలేరు. ఎక్కడా లావు లేదు, సన్నం లేదు. ఆ రోజు ఊళ్ళో దాని దరిదాపుల్లోకి వచ్చే ముగ్గు ఇంకొకటి లేదు. ఈ మాట నేను అప్పుడే మైకులో చెప్పాల్సింది.

తొమ్మిదింటికి వీధులన్నీ తిరిగి చూసి పందిట్లోకి వెళ్ళాను. అంబలి కలుపుతున్న ఒక ముసలమ్మ గరిటె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. “ఇంకేముండాది, పల్లకీ ఈసారి మీ ఇంటికే. జడ్జి మీరే, ముగ్గూ మీదేనాయె” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆమె ఏదో పరాచికానికి అంది. పట్టించుకోకుండా ఒక గ్లాసు అంబలి తాగి ఉంటే సరిపోయేది. కానీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పరువంతా నాకే ఉన్నట్టు, నిజాయితీ అంతా నేనే మోస్తున్నట్టు ఒళ్ళు మండిపోయింది. చూపిస్తాను నేనేంటో అనుకున్నాను.

మైకు పట్టుకున్నాను. పక్క వీధిలో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల రంగులతో రెండు నెమళ్ళు వేసింది. ఒక నెమలి మెడ కర్రలా బిగుసుకుపోయింది. నా క్లాసులో అయితే పదికి ఐదిచ్చేదాన్ని. ఆ ముగ్గుకే మొదటి బహుమతి అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. పందిట్లో ఎవరో “మరి మీ ఇంటిది?” అన్నారు. అప్పుడు నా నోటికి ఏం పోయేకాలం వచ్చిందో, “మా ఇంటి ముగ్గు బాగుంది. కానీ ఒకచోట గీత తెగింది. తెగిన గీత మీద అమ్మ ఎలా ఆగుతుంది?” అన్నాను. పందిరి పందిరంతా చప్పట్లు. సొంత మనిషని కూడా చూడలేదు, ఎంత ధర్మంగా చెప్పింది అన్నారు. నేను ఉబ్బిపోయాను. ఛీ, ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకుతాయి.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి వరండాలో అత్తగారు కూర్చుని ఉన్నారు. తుంటి విరిగి రెండేళ్ళుగా ఆమె మంచం దిగలేదు. చెవులు కూడా సరిగా వినిపించవు. అలాంటి మనిషికి తలస్నానం చేయించి, కొత్త చీర కట్టి, కుర్చీలో నాలుగు దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది అక్క. ఒళ్ళో పళ్ళెం. పళ్ళెంలో కొబ్బరికాయ, కర్పూరం. నన్ను చూసి బోసినోటితో నవ్వారు.

“చిన్నమ్మీ, అమ్మ మన ఇంటికే వస్తాదంట. పెద్దది చెప్పింది. నేను గుడికి పోలేను గదా, అమ్మే వస్తాదంట.”

మా వీధి సముద్రం పక్క చివరిది. గెలిస్తే తప్ప పల్లకీ ఆ వీధిలోకి రాదు. అక్క పందెంలో ఎందుకు చేరిందో అప్పుడు అర్థమైంది. ముందే ఎందుకు చెప్పలేదో కూడా అర్థమైంది. చెబితే నేను మొహమాటపడి ఇస్తానని, అలా ఇచ్చింది తనకు వద్దని. మూడేళ్ళూ నా పరువు ఆమే కాపాడుతూ వచ్చింది. నేనేమో దాన్ని కాపాడుకోవడానికి ఆమె మీదే అబద్ధపు నింద వేశాను.

అక్క ముగ్గు పక్కన నిలబడి ఉంది. అప్పటికే రెండు మేకలు, ఎవరివో సైకిళ్ళు ఆ ముగ్గు మీదుగా పోయాయి.

“ఏడ తెగింది మే?” అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగా.

“అదిగో... ఆ తూర్పు మూల” అన్నాను. మేకలు తొక్కేశాయి కదా, ఇక ఆమెకు తేలదులే అని లోలోపల లెక్క వేసుకున్నాను కూడా.

ఆమె తూర్పు మూల వైపు చూడను కూడా చూడలేదు. నా మొహంలోకే కాసేపు చూసి, వరండా ఎక్కి అత్తగారి చెవి దగ్గర వంగింది. “పల్లకీ రాదు అత్తా. నా గీత తెగిందంట” అని గట్టిగా చెప్పింది.

పన్నెండున్నర అయింది అప్పటికి. పల్లకీ బయలుదేరేది నాలుగింటికి. మూడున్నర గంటలు నా చేతిలో ఉన్నాయి. గుడికి నడిచి వెళ్ళి, పెద్దాయనా తప్పు చెప్పాను, గీత తెగలేదు అంటే అయిపోయేది. నలుగురూ నవ్వేవాళ్ళు, ఇద్దరు తిట్టేవాళ్ళు. అంతే కదా! మద్రాసు బస్సెక్కితే ఎవరి నవ్వూ నా వెంట రాదు. అయినా కాళ్ళు కదల్లేదు. తలనొప్పని చెప్పి గదిలో పడుకున్నాను. అత్తగారు లోపలికి రానన్నారు. సాయంత్రం పక్క వీధిలో డప్పులు వచ్చి, ఆగి, కాసేపు మోగి వెళ్ళిపోయేదాకా అలాగే కూర్చున్నారు. డప్పులు ఆమెకు వినిపించాయో లేదో నాకు తెలీదు. కర్పూరం అక్కే తీసి లోపల పెట్టింది.

ఆ దీపావళి లోపే అత్తగారు పోయారు. ఆ తర్వాత అక్క వాకిట్లో నాలుగు చుక్కల ముగ్గు తప్ప ఇంకేదీ పడలేదు. నేను మళ్ళీ జడ్జిగా వెళ్ళలేదు. బళ్ళో పరీక్షలన్నాను, ఒంట్లో బాగాలేదన్నాను. పదకొండేళ్ళు అయింది.

ఈ ఏడు ఆడి నెలలో అక్క మద్రాసు వచ్చింది. మనవరాలి పెళ్ళికి చీరలు కావాలంది. టి. నగర్‌లో రోజంతా కొట్లు ఎక్కీ దిగీ కాళ్ళు వాచిపోయాయి. ఇంటికొచ్చి సంచులన్నీ మంచం మీద గుమ్మరించి చూసుకుంటుండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. షోళింగనల్లూరులో వాళ్ళ అపార్ట్‌మెంటులో ఆడి పండగ చేస్తున్నారట. కార్లు పెట్టే చోట కోలం పోటీ, అంటే ముగ్గుల పోటీయే, పెట్టారట, నన్ను జడ్జిగా రమ్మంది. “ఎన్న మా, ఒక్క గంటే కదా, ప్లీజ్” అని తమిళం కలిపి బతిమాలింది. వద్దంటే వద్దని ఫోన్ పెట్టేశాను.

“పోరాదా? ఎందుకు వద్దన్నావు?” అంది అక్క.

ఇన్నేళ్ళూ దాచుకున్నది ఆ పూట ఎలాగో బయటికొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను. “ఆ రోజు నీ గీత తెగలేదక్కా. నేను అబద్ధం చెప్పాను. నలుగురిలో మంచిదాన్ని అనిపించుకోవాలని చెప్పాను. నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి.”

ఆమె చేతిలో ఉన్న చీర మడత వేయడం ఆపలేదు.

“తెగలేదని నాకు తెలీదా మే? మొదలుపెట్టిన చోటికే వచ్చి చేరినాను గదా. గీత తెగుంటే ఎట్టా చేరతాను?”

“తెలిసీ... మరి ఏడ తెగిందని నన్ను అడిగావు కదా?”

“నువ్వే చెప్తావేమో అని అడిగినాను. నాలుగింటి దాకా చూసినాను.”

“అత్తకైనా చెప్పాల్సింది కదా అక్కా, నీ తప్పు కాదని?”

“చెప్తే? చిన్నకోడలు అబద్ధమాడి అమ్మని రానీకుండా చేసిందని ఆ ముసిల్ది ఏడవాల. చిన్నకొడుకంటే ప్రాణం గదా దానికి.” చీర సంచిలో పెట్టి ఇంకొకటి తీసుకుంది. “పోయేదాకా నన్నే తిట్టింది. అన్నం కలిపి పెట్టినప్పుడల్లా, ఈ చేత్తోనే గదా తెంపినావు అనేది. తిన్నాది, తిట్టినాది. పోనీలే అనుకున్నా.”

నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. క్షమించమన్నాను. ఎన్నిసార్లు అన్నానో నాకే తెలీదు. ఆమె చేతులు విడిపించుకోలేదు, నన్ను దగ్గరికీ తీసుకోలేదు.

“నాకు చెప్పి ఏం చేస్తావు మే” అంది. “నాకు ఆ పూటే తెలుసు. నువ్వు చెప్పాల్సింది అత్తకి. మూడడుగుల దూరంలోనే గదా కూర్చోనుండె.”