తలమీద చెయ్యి వేసి చేసిన ప్రార్థన

ఈ మాట ఏళ్ళ తరబడి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. మావారికి చెప్పలేదు. మా చర్చి ఫెలోషిప్‌లో ఎవరికీ చెప్పలేదు. నిజానికి దేవుడికి కూడా సూటిగా చెప్పలేదు. "తెలిసీ తెలియక చేసిన పాపాలు" అంటూ అన్నిటితో కలిపేసి, దీన్ని ఆ గుంపులో దాచేశాను. ఇది తెలియక చేసింది కాదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీతో చెప్పగలుగుతున్నాను.

మేముండేది అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్ళం ఆరాధన చేసుకుంటాం. శిరీష అక్కడికే వచ్చింది. ఖమ్మం అమ్మాయి, మాస్టర్స్ చదివేది. కారు లేదు, నేనే తీసుకొచ్చి దింపేదాన్ని. ఆమె పాట ఎత్తుకుంటే పిల్లలు కూడా అల్లరి మానేవారు. చదువు అయిపోయాక మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం పడితే, రిఫర్ చేసింది కూడా నేనే. ఇంటర్వ్యూలు బాగా చేసింది.

ఆ రోజుల్లోనే ఇండియన్ స్టోర్‌లో ఆమెను చూశాను. కొత్తిమీర కట్టలు ఏరుకుంటోంది. నుదుట కుంకుమ. నన్ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది. బొట్టు తుడుచుకోలేదు. కంగారుగా తుడుచుకుని ఉంటే క్షమించేదాన్నేమో. అలా ఎందుకు అనిపించింది?

ఆదివారం కార్‌లో అడిగేశాను.

"గుడికి వెళ్తావా నువ్వు?"

"పోతా ఆంటీ, మా రూమ్‌మేట్‌తోని. మా ఇంట్ల అమ్మ చర్చికి పోతది, నాన్న గుడికి పోతడు. నాకు రెండూ అలవాటే."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలే కదా ఆంటీ. దాచాలని కాదు."

"అసలు ఎవరిని నమ్ముతున్నావో నీకైనా తెలుసా?"

"అంత తెల్వదు ఆంటీ. కానీ పాడేటప్పుడు అబద్ధం పాడలే," అంది.

నేను నమ్మలేదు. అప్పట్నుంచి ఆమె చేసే ప్రతి పని వెనకా ఏదో ఉందనిపించేది. భోజనాలయ్యాక గిన్నెలు కడిగితే మెప్పు కోసం అనుకున్నాను. కళ్ళు మూసుకుంటే నటన అనుకున్నాను. రైడ్ కోసం, రిఫరెన్స్ కోసం మమ్మల్ని వాడుకుంటోందని తేల్చేసుకున్నాను. అదంతా విశ్వాసం పట్ల నాకున్న శ్రద్ధేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను పుట్టింది పూజలు చేసే ఇంట్లో. పెళ్ళయ్యాక చర్చికి వచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు, నేనే నమ్మాను. బొట్టు మానేశాను, పూలు మానేశాను, మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళకుండా పని ఉందని ఫోన్‌లో తప్పించుకున్నాను. అది ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. నేను ఇంత వదులుకుని పొందినదాన్ని ఈ అమ్మాయి ఏమీ వదులుకోకుండా, కొత్తిమీర ఏరుకుంటూ, ఎలా పొందుతుంది? నా కోపం దేవుడి తరఫునా, నా తరఫునా?

మా మేనేజర్ ఏ మతమూ లేని మనిషి. ఒకరోజు కాఫీ దగ్గర, ఆ అమ్మాయి నీకు తెలుసు కదా, నమ్మొచ్చా అని అడిగాడు. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది, ఆమె మాట మీద ఆధారపడలేం అన్నాను. అతను ఆశ్చర్యపోయాడు. శిరీష తన కాలేజీ ప్రాజెక్టులో జరిగిన తప్పును ఇంటర్వ్యూలో ఎవరూ అడగకుండానే చెప్పిందట. నీతో ఏమైనా అబద్ధం చెప్పిందా అని మళ్ళీ అడిగాడు. దేవుడే లేడనే మనిషి ఆమె తరఫున ఆగి ఆలోచించాడు. నేను తల వంచుకుని, "నాకు తెలిసింది చెప్పాను," అన్నాను. ఆమె నాతో నిజం చెప్పింది. నేను ఆమెను అబద్ధాలకోరును చేశాను.

ఉద్యోగం వేరేవాళ్ళకు వెళ్ళింది.

ఆ తర్వాతి ఆదివారం శిరీష లేచి నిలబడి, వీసా గడువు దగ్గర పడుతోందని, ఉద్యోగం కోసం అందరూ ప్రార్థించమని కోరింది. పాస్టర్‌గారు నావైపు చూసి, "అమ్మా, మీరు చేయండి," అన్నారు. వెళ్ళాను. ఆమె తలమీద చెయ్యి వేశాను. మూసిన తలుపులు తెరవమని గట్టిగా ప్రార్థించాను. మాటలు తడుముకోకుండా వచ్చాయి. నా అరచేతి కింద ఆమె తల ఏడుపుతో కదులుతోంది. "ఆమెన్" అని నాకంటే ముందు ఆమే అంది.

ఆమెకు ఉద్యోగం ఇంకెక్కడా రాలేదు. గడువు అయిపోయి ఖమ్మం వెళ్ళిపోయింది. అక్కడో కాలేజీలో పాఠాలు చెబుతోంది. పండక్కి, నా పుట్టినరోజుకి మెసేజ్ పెడుతుంది: "వందనాలు ఆంటీ, మీ ప్రేమ మర్చిపోను." నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటాను.

విశ్వాసం లేకపోతే నేను ఇంతకంటే మంచిదాన్నయ్యేదాన్నా? లేక ఇంకేదో సాకు దొరికేదా? తెలియదు. ఎవరైనా మరొకరి భక్తి అసలా నకిలీనా అని తూకం వేయడం మొదలుపెడితే, ఇప్పుడు నాకు వాళ్ళ మీదే అనుమానం వస్తుంది. నా మీద ఇంకా ఎక్కువ. ఈ ఒప్పుకోలు మీద కూడా: శిరీషకు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేదానికి, నన్ను తిరిగి ఏమీ అడగలేని మిమ్మల్ని ఎంచుకున్నాను కదా.

అయినా చెబుతున్నాను. ఆమెకు ఆ ఉద్యోగం రాకుండా చేసింది నేనే. తెలిసే చేశాను.

ఇప్పటికి ఒకరికైనా చెప్పాను.